"రేటు మారదు" అని కార్డు, "పన్ను పెంపు" అని బ్యాలెట్: ఈ స్కూల్ బాండ్ లెక్క ఎవరైనా విప్పి చెప్పండి

మునగచెట్టు | ఏప్రిల్ 15, రాత్రి 10:40

ఇవాళ మెయిల్‌బాక్స్‌లో మూడు కాగితాలు ఒకేసారి వచ్చాయి. మొదటిది కౌంటీ అప్రైజల్ నోటీసు. షరా మామూలే, ఇంటి విలువ ఇంకో మెట్టు ఎక్కింది. రెండోది స్కూల్ డిస్ట్రిక్ట్ కార్డు. మే మొదటి శనివారం బాండ్ ఎలక్షన్ (బడుల పనులకి డిస్ట్రిక్ట్ అప్పు తేవచ్చా లేదా అని ఓటు), "పన్ను రేటులో మార్పు ఉండదు" అని నిగనిగలాడే కాగితం మీద. మూడోది ఎవరో గుమ్మానికి తగిలించి పోయిన పాంప్లెట్. "బ్యాలెట్ మీద వాళ్ళే పన్ను పెంపు అని రాశారు, చదువుకోండి" అని.

శాంపిల్ బ్యాలెట్ తెరిచి చూశాను. నిజమే. ప్రతి ప్రతిపాదన కింద "ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు" అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఒకే డిస్ట్రిక్ట్ కార్డులో ఒకటి చెప్పి బ్యాలెట్‌లో ఇంకోటి చెప్తే ఏది నమ్మాలి?

మాది డాలస్‌కి ఉత్తరాన. డిస్ట్రిక్ట్ పేరు రాయను, ఈ ఫోరంలో సగం మంది మా వీధి వాళ్ళే. పోయినేడాది బ్యాంకు వాడు ఎస్క్రోలో (ఇంటి పన్ను కోసం నెలనెలా పట్టుకునే డబ్బులో) లోటు వచ్చిందని నెలకి 140 డాలర్లు పెంచాడు. ఆ మంట ఇంకా ఆరలేదు.

శైలజ_లెక్కలు | ఏప్రిల్ 15, రాత్రి 11:05

రెండూ నిజమేనండీ. అందుకే ఇంత గందరగోళం.

ముందు బ్యాలెట్ సంగతి. 2019లో టెక్సస్ శాసనసభ స్కూల్ ఫైనాన్స్ చట్టం తెచ్చినప్పుడు, స్కూల్ బాండ్ ప్రతిపాదన ఏదైనా సరే ఆ వాక్యం రాసి తీరాలని పెట్టింది. రేటు పెరిగినా, పెరగకపోయినా, తగ్గినా అదే వాక్యం. కాబట్టి ఆ లైను చూసి మీ డిస్ట్రిక్ట్ గురించి కొత్తగా తెలిసేదేమీ లేదు. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక ఏ బ్రాండుకైనా ఉన్నట్టే.

ఇక "రేటు మారదు" సంగతి. మీ ట్యాక్స్ బిల్లులో స్కూల్ రేటు రెండు ముక్కలు. ఒకటి ఎం అండ్ ఓ: జీతాలు, కరెంటు, బస్సులు, రోజువారీ ఖర్చు. రెండోది ఐ అండ్ ఎస్: బాండ్ అప్పు తీర్చడానికి మాత్రమే. ఎలక్షన్‌తో సంబంధం ఉన్నది ఈ రెండో ముక్కకే. పాత బాండ్లు ఏటా కొంత తీరుతుంటాయి. ఊళ్ళో కొత్త ఇళ్ళు, కొత్త షాపులు వచ్చి పన్ను కట్టేవాళ్ళు పెరుగుతారు. ఆ రెండిటి వల్ల ఐ అండ్ ఎస్ రేటులో కొంచెం ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి కొత్త అప్పు సర్దేస్తే రేటు ఉన్నచోటే ఉంటుంది.

బాండ్ లేకపోతే ఆ రేటు దిగేది. మీరు కట్టే అదనపు పన్ను అదే: దిగాల్సింది దిగకపోవడం.

కరీంనగర్_కాటీ | ఏప్రిల్ 15, రాత్రి 11:31

అక్క చెప్పింది మస్తుగ సమజైంది. కారు లోన్ అయిపోయే నెలల ఇంకో కారు కొన్నట్టు. కిస్తీ అంతే ఉన్నది గదా, ఖర్చేమున్నది అంటడు డీలరు.

మునగచెట్టు | ఏప్రిల్ 15, రాత్రి 11:48

ఈ కారు పోలిక మా ఆవిడకి చదివి వినిపించా. "అయితే మీరు రెండేళ్ళ క్రితం చేసింది అదేగా" అంది. సరే.

శైలజ గారూ, డాలర్లలో చెప్పగలరా? మార్కెట్ విలువ 6,20,000 అని వేశాడు. హోమ్‌స్టెడ్ (మనం ఉండే సొంతింటికిచ్చే పన్ను రాయితీ) ఉంది.

శైలజ_లెక్కలు | ఏప్రిల్ 16, ఉదయం 6:50

నోటీసులో ఇంకో అంకె ఉంటుంది చూడండి, అప్రైజ్డ్ విలువ అని. హోమ్‌స్టెడ్ ఉన్న ఇంటికి ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచకూడదు కాబట్టి అది మార్కెట్ విలువ కంటే తక్కువ ఉండొచ్చు.

మునగచెట్టు | ఏప్రిల్ 16, ఉదయం 7:15

5,80,000.

శైలజ_లెక్కలు | ఏప్రిల్ 16, ఉదయం 7:40

దాంట్లోంచి స్కూల్ పన్నుకి హోమ్‌స్టెడ్ మినహాయింపు తీసేయాలి. ఇది 2022లో 40 వేలు, 2023లో లక్ష, 2025 నవంబరు ఓటుతో లక్షా నలభై వేలు అయింది. 5,80,000 లోంచి 1,40,000 పోతే 4,40,000. పన్ను పడేది దీని మీదే.

రేటు వంద డాలర్లకి ఇన్ని సెంట్లు అని చెప్తారు. మీకు ఒక్క సెంటు అంటే ఏడాదికి 44 డాలర్లు. ఈ 44 గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా ఎక్కాలే.

ఉదాహరణకి ఐ అండ్ ఎస్ 30 సెంట్లు అనుకుందాం. ఇప్పుడు 1,320 కడుతున్నారు. బాండ్ ఓడిపోతే అది మెల్లగా 24 సెంట్లకి దిగేది అనుకుంటే 1,056 అయ్యేది. తేడా 264, నెలకి 22. "రేటు మారదు" అన్న కార్డు వెనక ఉన్నది ఈ 264. మీ డిస్ట్రిక్ట్ అసలు అంకెలు బాండ్ పేజీలో ఉంటాయి, వాటితో మళ్ళీ వేసుకోండి. 24 నేను అనుకున్నది, అక్కడ ఎంతకి దిగుతుందో వాళ్ళని అడగాలి. సభల్లో ఎవరూ అడగని ప్రశ్న కూడా అదే.

ఇంకోటి. వచ్చే ఏడు మీ అప్రైజ్డ్ విలువ 6,20,000కి చేరితే అదే 30 సెంట్లకి 1,440 వస్తుంది. రేటు కదల్లేదు, బిల్లు 120 పెరిగింది. రేటు వేరు, బిల్లు వేరు. ఆ కార్డులో "రేటు" అన్న మాట ఊరికే పెట్టలేదు.

పాత కాపు | ఏప్రిల్ 16, ఉదయం 8:20

నేను ఈ రాష్ట్రంలో దిగి ముప్పై ఏళ్ళు దాటింది. బాండ్ ఎలక్షన్లు లెక్కలేనన్ని చూశాను. మా అబ్బాయిలు చదివిన హైస్కూలు అప్పట్లో పొలం మధ్యలో ఉండేది, ఇప్పుడు చుట్టూ మూడు బిర్యానీ హోటళ్ళు.

నాకు 65 దాటాయి. 65 దాటినవాళ్ళకి స్కూల్ పన్ను డాలర్లలోనే ఒక పరిమితికి కట్టేస్తారు. ఇంటికి కొత్త గది కలిపితే తప్ప అంతకంటే పెరగదు. పైగా 2025 నుంచి అదనపు మినహాయింపు 60 వేలు. అంటే ఈ బాండ్ గెలిచినా ఓడినా నా స్కూల్ బిల్లు పైకి పోదు. అయినా మా సీనియర్స్ క్లబ్‌లో అందరికంటే గట్టిగా "వద్దు" అని అరిచేది మావాళ్ళే. వాళ్ళకి పెరగదని చెప్పినా నమ్మరు. బ్యాలెట్ మీద రాసి ఉంది కదా అంటారు.

బెజవాడ బుల్లోడు | ఏప్రిల్ 16, ఉదయం 9:02

అంకుల్ గారూ, మీకు ఫ్రీజ్. మునగచెట్టు గారికి హోమ్‌స్టెడ్. నాలాంటోడి సంగతేంటి? రెండు రెంటు ఇళ్ళు ఉన్నాయి. మినహాయింపు సున్నా, 10 శాతం క్యాప్ లేదు. 2024లో పెట్టిన 20 శాతం క్యాప్ ఒకటి ఉంది, అది కూడా 2026 దాకే అన్నారు. ప్రతి సెంటూ నాకు పూర్తి విలువ మీద పడుద్ది. నా పిల్లలు ఆ స్కూళ్ళలో చదవరు.

కొత్తగా_వచ్చా | ఏప్రిల్ 16, ఉదయం 9:20

బుల్లోడు గారూ, మీలాంటి వారింట్లో రెంటుకి ఉండేది నేనే. రెన్యూవల్‌లో "ట్యాక్స్ పెరిగింది" అని 150 కలిపారు. ఆ సెంట్లన్నీ చివరికి నా జేబులోంచే.

బెజవాడ బుల్లోడు | ఏప్రిల్ 16, ఉదయం 9:26

మీ ఓనర్ని నేను కాదు బాబూ 😀 చుట్టుపక్కల కొత్త అపార్ట్‌మెంట్లు బోలెడు లేచాయి. మొన్న ఒక ఇంటికి పాత అద్దె మీద వంద తగ్గిస్తే గానీ మనిషి దొరకలా. పెంచుదామన్నా మార్కెట్ ఒప్పుకోవాలిగా.

ప్రోస్పర్ పద్మ | ఏప్రిల్ 16, మధ్యాహ్నం 12:10

నేను మా డిస్ట్రిక్ట్‌లో బాండ్ కమిటీలో ఆరు నెలలు కూర్చున్నాను, పేరెంట్‌గా. మేం గురువారం సాయంత్రాలు కూర్చుని ఏం చేశామో చెప్తాను. రూఫుల వయసు పట్టిక. ఏసీ యూనిట్ల వయసు పట్టిక. ఏ ఎలిమెంటరీలో ఎన్ని పోర్టబుల్స్ (బడి బయట పెట్టే తాత్కాలిక గదులు) ఉన్నాయి. వచ్చే ఐదేళ్ళలో ఎన్ని ఇళ్ళకి ప్లాట్లు వేశారు. స్కూల్ బిల్డింగ్ అంటే జనానికి గుర్తొచ్చేది స్టేడియం. ఆ జాబితాలో నాకు నిద్ర పట్టనివ్వనిది బాయిలర్లు, ఫైర్ అలారం వైర్లు.

మా చిన్నది రెండేళ్ళు పోర్టబుల్‌లో చదివింది. వాన పడితే బాత్రూంకి గొడుగు వేసుకుని మెయిన్ బిల్డింగ్‌కి పరిగెత్తాలి. టోర్నడో సైరన్ మోగితే పాతికమంది పిల్లల్ని లైన్లో నిలబెట్టి వానలో నడిపించాలి. ఒక టీచర్‌గారు ఆ రోజు ఎలా వణికిందో చూశాను. 264 డాలర్ల లెక్క వేసేటప్పుడు అవతలి వైపు ఏముందో కూడా రాసుకోవాలి కదా.

ఇక్కడ మాలాంటి వేగంగా పెరిగే డిస్ట్రిక్టులది ఇంకో ఇబ్బంది. టెక్సస్‌లో కొత్త బాండ్లు అమ్మాలంటే మొత్తం బాండ్ అప్పుని 50 సెంట్ల లోపు రేటుతో తీర్చగలమని రాష్ట్రానికి చూపించాలి. మేం ఏళ్ళ తరబడి ఆ 50 దగ్గరే ఉన్నాం. అందుకే ఓటర్లు ఒప్పుకున్న డబ్బు కూడా ఒకేసారి అప్పు చేయరు. కొత్త ఇళ్ళు పన్ను జాబితాలోకి వచ్చే కొద్దీ విడతలుగా అమ్ముతారు. ఓటు అనేది అనుమతి, అప్పు చేసేది తర్వాత, బోర్డు చేతుల్లో.

కరీంనగర్_కాటీ | ఏప్రిల్ 16, మధ్యాహ్నం 1:15

పద్మక్కా, పోర్టబుల్స్‌కి నేనెప్పుడు వద్దన్న? స్టేడియం ముచ్చట మాత్రం నన్ను చెప్పనియ్యి.

అలెన్‌ల ఏమైంది? 2009ల 119 మిలియన్ల బాండ్, అండ్ల 60 మిలియన్లు ఒక్క ఫుట్‌బాల్ స్టేడియంకే. 18 వేల సీట్లు. 2012ల తెరిచిన్రు. 2014 ఫిబ్రవరిల కాంక్రీట్ల పగుళ్ళు వచ్చినయని మూసిన్రు. రిపేర్లు చేసి 2015ల మళ్ల తెరిచిన్రు. ఇగ మా కాటీ. 2013ల రెండో స్టేడియం కోసం పెట్టిన బాండ్ జనం ఓడగొట్టిన్రు. 2014ల 748 మిలియన్ల పెద్ద బాండ్‌ల స్కూళ్ళతోని పాటు స్టేడియంని కలిపేసిన్రు. స్కూలు గావాలంటే స్టేడియం గూడ మింగాలె. గెలిచింది. 2017ల తెరుచుకున్నది, 70 మిలియన్లు.

శైలజ_లెక్కలు | ఏప్రిల్ 16, మధ్యాహ్నం 1:50

ఇప్పుడు అలా కలపడం కుదరదు. 2019 నుంచి వెయ్యి సీట్లు దాటిన స్టేడియం, స్విమ్మింగ్ పూల్, పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్, టీచర్ల ఇళ్ళు, కంప్యూటర్ల కొనుగోలు, ఇలాంటివి దేనికది విడి ప్రతిపాదనగా పెట్టాలి. అందుకే బ్యాలెట్‌లో ఏ, బీ, సీ, డీ అని వరుసగా కనిపిస్తాయి. ఏకి అవును, సీకి కాదు అనొచ్చు. మనవాళ్ళు చాలామంది పైనుంచి కిందికి ఒకే గీత గీసేస్తారు.

కంప్యూటర్ల దగ్గర ఒక్క ప్రశ్న అడగండి: వాటికి తీసుకున్న అప్పు ఎన్నేళ్ళది? నాలుగేళ్ళకి పాడయ్యే లాప్‌టాప్‌కి పాతికేళ్ళ బాండ్ వేస్తే మన మనవడు కూడా దాని వడ్డీ కడతాడు. సరిగ్గా నడిపే చోట వాటికి తక్కువ కాలం బాండ్లే అమ్ముతారు.

ఫ్రీమాంట్_వాణి | ఏప్రిల్ 16, సాయంత్రం 5:30 (పసిఫిక్)

మీ టెక్సస్ వాళ్ళ గోల వింటే మా గోల చెప్పాలనిపిస్తోంది. కాలిఫోర్నియాలో 1978 ప్రాప్ 13 ప్రకారం ఇల్లు కొన్న ధర మీద ఏడాదికి 2 శాతానికి మించి విలువ పెంచరు. బాండ్ పన్ను కూడా ఆ విలువ మీదే. మా పక్కింటాయన 1985లో లక్షన్నరకి కొన్నాడు. ఏడాదికి 2 చొప్పున పెంచుకుంటూ వచ్చినా ఇప్పటికి మూడు లక్షల ముప్పై వేలు. నాది పదిహేను లక్షలు. అదే వీధి, అదే ప్లాన్, వాళ్ళ వంటిల్లు మాదానికంటే బావుంటుంది.

2000లో వచ్చిన ప్రాప్ 39 కింద 55 శాతం ఓట్లతో బాండ్ నెగ్గుతుంది, కానీ యూనిఫైడ్ డిస్ట్రిక్ట్ (ఎలిమెంటరీ నుంచి హైస్కూల్ దాకా ఒకటే) అయితే ఒక ఎలక్షన్ బాండ్‌కి లక్ష డాలర్ల విలువకి ఏడాదికి 60 డాలర్లు దాటకూడదని అంచనా చూపాలి. ఆ 60 మొత్తం పడిందనుకోండి, ఆయనకి 200 కంటే తక్కువ, నాకు 900. మొన్న ఆయనే ఇంటి ముందు "స్కూళ్ళకి అవును" బోర్డు పెట్టాడు. పెడతాడు మరి.

సమామిష్ సూరి | ఏప్రిల్ 16, సాయంత్రం 6:12 (పసిఫిక్)

మా వాషింగ్టన్ రాష్ట్రంలో బాండ్ నెగ్గాలంటే 60 శాతం ఓట్లు రావాలి. 59.9 వచ్చినా ఓడినట్టే. మీరు అదృష్టవంతులు, లేదా దురదృష్టవంతులు, ఎటు నుంచి చూస్తే అటు.

ఎడిసన్ మూర్తి | ఏప్రిల్ 16, రాత్రి 9:45 (ఈస్టర్న్)

న్యూజెర్సీలో 2 శాతం లెవీ క్యాప్ (మొత్తం పన్ను వసూలు ఏడాదికి అంతకంటే పెంచకూడదనే పరిమితి) ఉంది అని అందరూ ధైర్యంగా ఉంటారు. ఓటర్లు ఒప్పుకున్న బాండ్ అప్పు ఆ క్యాప్ బయట ఉంటుంది, తెలుసుకోండి. మా దగ్గర ఊరట ఏమిటంటే, అర్హత ఉన్న పనులకి రాష్ట్రం కనీసం 40 శాతం భరిస్తుంది. "మనం కాదంటే ఆ 40 శాతం పక్క ఊరికి పోతుంది" అనేది ఇక్కడ ప్రతి రిఫరెండంలో వినిపించే మాట. టెక్సస్‌లో అలాంటిదేమైనా ఉందా?

శైలజ_లెక్కలు | ఏప్రిల్ 16, రాత్రి 9:30

అంత సాయం లేదు మూర్తి గారూ. కొన్ని పేద డిస్ట్రిక్టులకి కొంత వస్తుంది. మాకున్న మేలు వేరే: రాష్ట్ర పర్మనెంట్ స్కూల్ ఫండ్ ఈ బాండ్లకి గ్యారంటీ ఇస్తుంది. 1854లో పెట్టిన నిధి అది, గ్యారంటీ 1983 నుంచి. దాంతో చిన్న డిస్ట్రిక్ట్ బాండ్‌కి కూడా ట్రిపుల్ ఏ రేటింగ్ (అన్నిటికంటే పై మెట్టు) దొరుకుతుంది, వడ్డీ తగ్గుతుంది.

ఇంకో మేలు. ఇక్కడ ఎం అండ్ ఓ డబ్బులో కొంత "రాబిన్ హుడ్" పేరుతో రాష్ట్రం తీసుకుని పంచుతుంది. ఐ అండ్ ఎస్ డబ్బు మాత్రం ఒక్క డాలర్ కూడా బయటికి పోదు. అందుకే జీతాలకి డబ్బు చాలని డిస్ట్రిక్ట్ కూడా బిల్డింగులు మాత్రం కట్టగలుగుతుంది. "కొత్త జిమ్ కట్టారు, టీచర్లని తీసేశారు" అని అరుస్తారే, ఆ రెండు సంచులూ వేరు. బాండ్ డబ్బుతో జీతం ఇవ్వడం చట్టప్రకారం కుదరదు.

బెజవాడ బుల్లోడు | ఏప్రిల్ 16, రాత్రి 9:52

సంచులు వేరే. జేబు ఒకటే.

శైలజ_లెక్కలు | ఏప్రిల్ 16, రాత్రి 9:55

ఒప్పుకున్నాను 🙂

పాత కాపు | ఏప్రిల్ 17, ఉదయం 7:30

ఓడిపోతే ఏమవుతుందని ఎవరూ మాట్లాడట్లేదు. 2024 నవంబరులో ఫ్రిస్కోలో జరిగింది చూశారుగా. జీతాల కోసం ఎం అండ్ ఓ పెంపు, బిలియన్ డాలర్ల పైచిలుకు బాండ్లు, అన్నీ ఓటర్లు కాదన్నారు. ఫ్రిస్కోలో! బాండ్ అంటే కళ్ళు మూసుకుని నెగ్గే ఊరు అనుకునేవాళ్ళం. డిసెంబరులో స్టేలీ మిడిల్ స్కూల్ మూసేయాలని బోర్డు తీర్మానించింది. ఓటు వల్లే మూశారని నేను అనను. పిల్లల సంఖ్య తగ్గుతోంది, బిల్డింగ్ పాతది, ఆ మాట ముందు నుంచీ ఉంది. కానీ అప్పు లేకుండా పాత బిల్డింగ్‌ని నిలబెట్టాలంటే ఆ డబ్బు ఎం అండ్ ఓలోంచే రావాలి, అంటే జీతాల్లోంచి.

ప్రోస్పర్ పద్మ | ఏప్రిల్ 17, ఉదయం 8:05

పాత కాపు గారు చెప్పింది పాయింటు. పిల్లలు పెరిగే ఊళ్ళో బాండ్ అడగడం ఒకటి, తగ్గే ఊళ్ళో అడగడం ఇంకోటి. మీ డిస్ట్రిక్ట్ జనాభా అంచనా చూడకుండా ఓటు వేయకండి. మా కమిటీలో ఒకాయన ఖాళీ బడులున్న వైపు కొత్త బడి ఎందుకని అడిగితే గది నిశ్శబ్దమైపోయింది. ఆ బడిని జాబితాలోంచి తీసేశాం.

కరీంనగర్_కాటీ | ఏప్రిల్ 17, ఉదయం 10:10

మా బాపు ఇక్కడ్నే ఉన్నడు, ఆరు నెలల వీసా మీద. రిటైర్డ్ హెడ్‌మాస్టర్. ఈ కథంత చదివి వినిపించిన. "బడి గదికి ఊరంత ఓటు వేసుడా?" అని నవ్విండు. ఆయన బడిల రెండు గదులు ఒక దాత కట్టిచ్చిన్రట, గోడకు పేరు రాసిన శిలాఫలకం. "ఇంటి పన్నుల రూపాయికి 8 పైసలు గ్రంథాలయం సెస్సు పోతది, ఎవ్వడన్న అడిగిండా మమ్ముల?" అన్నడు. ఇక్కడ బాండ్‌కు లైబ్రరీ గోడ ఎంత పొడుగు ఉండాలె అనేది గూడ జనం అడుగుతరు అంటే నమ్ముతలేడు.

బాపు పేరు డీడ్‌ల పెడితే 65 ఫ్రీజ్ వస్తదా అని ఒక దోస్త్ అడిగిండు. అక్కా?

శైలజ_లెక్కలు | ఏప్రిల్ 17, ఉదయం 10:40

ఈ ప్రశ్న ప్రతి ఏప్రిల్‌లో వస్తుంది. యజమాని అయి ఉండాలి, ఆ ఇల్లే ఆయన స్థిర నివాసం కావాలి. విజిటర్ వీసా మీద వచ్చి పోయే నాన్నగారికి ఆ రెండోది కుదరదు. గ్రీన్ కార్డుతో ఇక్కడే ఉండే పెద్దవాళ్ళ సంగతి వేరు, కానీ ఇంట్లో వాటా రాసివ్వడం అంటే గిఫ్ట్, దాని చిక్కులు దానికున్నాయి. పన్ను మిగుల్చుకుందామని డీడ్ ముట్టుకోకండి, ముందు లాయర్‌ని కలవండి.

ఎలాగూ పన్నుల మాట వచ్చింది కాబట్టి: ఫెడరల్ రిటర్న్‌లో రాష్ట్ర, స్థానిక పన్నుల డిడక్షన్ పరిమితి 10 వేల నుంచి 2025కి 40 వేలకి పెరిగింది. ఐటమైజ్ చేసేవాళ్ళకి (డిడక్షన్లు విడివిడిగా చూపించేవాళ్ళకి) ఈ 264లో కొంత వెనక్కి వస్తుంది.

కొత్తగా_వచ్చా | ఏప్రిల్ 17, మధ్యాహ్నం 12:25

అసలు ఇక్కడ ఎంతమందికి ఓటు ఉంది? మా కమ్యూనిటీలో మనవాళ్ళ ఇళ్ళే వంద ఉంటాయి. సిటిజన్లు పట్టుమని పాతిక మంది లేరు. హెచ్1బీ వాళ్ళు, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్ళు పన్ను కడతారు, పిల్లల్ని పంపుతారు, ఓటు మాత్రం లేదు.

పాత కాపు | ఏప్రిల్ 17, మధ్యాహ్నం 12:50

ఉన్నవాళ్ళు వెళ్తే చాలు బాబూ. మే శనివారం ఎలక్షన్‌కి వచ్చే జనాన్ని చూస్తే మా ఊరి సంతలో ఇంతకంటే ఎక్కువ ఉంటారు. పొద్దున్నే పిల్లల సాకర్, సాయంత్రం బర్త్‌డే పార్టీ, మధ్యలో ఎవడు వెళ్తాడు. కొన్ని వందల ఓట్లతో వందల మిలియన్లు తేలిపోవడం నేను చూశాను.

ప్రోస్పర్ పద్మ | ఏప్రిల్ 17, మధ్యాహ్నం 1:20

ఓటు లేకపోయినా బోర్డు మీటింగ్‌లో లేచి మాట్లాడొచ్చు. బాండ్ కమిటీలో మా పక్కన కూర్చున్న అతను హెచ్1బీ. పోర్టబుల్స్ లెక్క తప్పని పట్టుకున్నది అతనే.

ఒక విషయం, ప్రిన్సిపాల్‌ని "ఏం వేయమంటారు" అని అడిగి ఇబ్బంది పెట్టకండి. డిస్ట్రిక్ట్ డబ్బుతో ప్రచారం చేయడం టెక్సస్‌లో నేరం. డ్యూటీలో ఉండగా "ఓటేయండి" అంటారు, "దీనికి వేయండి" అనకూడదు. అందుకే ఆ కార్డు అంత చప్పగా ఉంటుంది.

మోడరేటర్ | ఏప్రిల్ 17, మధ్యాహ్నం 2:00

ఒక ట్రస్టీ (స్కూల్ బోర్డు సభ్యుడి పదవి) అభ్యర్థి కులం గురించి పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. మళ్ళీ పెడితే ఐడీ లాక్ అవుతుంది. బాండ్ గురించి కొట్టుకోండి, అభ్యంతరం లేదు.

మునగచెట్టు | ఏప్రిల్ 19, రాత్రి 9:15

రెండు రోజులు కూర్చుని చదివాను. ప్రతి ప్రతిపాదనకీ వోటర్ ఇన్ఫర్మేషన్ డాక్యుమెంట్ అని ఒకటి డిస్ట్రిక్ట్ పెట్టాలట, పెట్టింది. అసలు ఎంత, వడ్డీ అంచనా ఎంత, ఇప్పటికే మెడలో ఉన్న అప్పు ఎంత, అన్నీ ఉన్నాయి. వడ్డీ గళ్ళో అంకె చూసి కాసేపు లేచి తిరిగాను. తర్వాత నా మార్ట్‌గేజ్ వడ్డీ మొత్తం గుర్తొచ్చి కూర్చున్నాను.

నవ్వొచ్చిన సంగతి ఒకటి. చట్టం ప్రకారం అందులో లక్ష డాలర్ల హోమ్‌స్టెడ్‌కి పన్ను ఎంత పెరుగుతుందో చూపించాలి. ఇప్పుడు మినహాయింపే లక్షా నలభై వేలు! లక్ష డాలర్ల ఇంటికి స్కూల్ పన్నే లేదు. మా కౌంటీలో లక్షకి ఇల్లు ఎక్కడుందో చూపిస్తే ఇవాళే వెళ్ళి కొంటాను.

శైలజ గారూ, మీరు చెప్పినట్టే బాండ్ ఆఫీసుకి మెయిల్ పెట్టాను, "ఓడిపోతే ఐ అండ్ ఎస్ ఎంతకి దిగుతుంది, ఏ ఏడాదికి" అని. మొదట "రేటు మారదు" అన్న కార్డునే మళ్ళీ అతికించి పంపారు. రెండోసారి అడిగితే ఫైనాన్స్ ఆవిడ ఫోన్ చేసింది. ఓపిగ్గా చెప్పింది, తిట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. మొదటి రెండేళ్ళు పెద్ద తేడా ఉండదట, పాత బాండ్లు అప్పటికింకా తీరవు. మూడో ఏడాది నుంచి మెల్లగా దిగేదట. మా ఇంటికి వేసుకుంటే చివరికి ఏడాదికి 200 నుంచి 300 మధ్య తేలుతోంది.

శైలజ_లెక్కలు | ఏప్రిల్ 19, రాత్రి 9:40

రెండోసారి అడగడమే గొప్ప. మొదటి రెండేళ్ళ సంగతి ఆవిడ చెప్పింది సరైనదే. అప్రైజల్ ప్రొటెస్ట్ (ఇంటి విలువ ఎక్కువ వేశారని అభ్యంతరం పెట్టడం) మర్చిపోకండి, మే 15 గడువు. మీ విషయంలో మార్కెట్ విలువ కాస్త తగ్గినా లాభం లేదు, 5,80,000 కంటే కిందికి రావాలి. ఎదురుగా అమ్మిన ఇళ్ళ ధరలు పట్టుకెళ్ళండి. అప్రైజ్డ్ విలువ 20 వేలు తగ్గినా స్కూల్, సిటీ, కౌంటీ అన్నిట్లో కలిసొస్తుంది. బాండ్ మీద రాత్రంతా వాదించి ప్రొటెస్ట్ గడువు దాటించుకున్న క్లయింట్లు నాకు ఇద్దరున్నారు.

కరీంనగర్_కాటీ | ఏప్రిల్ 19, రాత్రి 10:02

గది సరే, ఓటు దేనికి వేస్తున్నవన్నా?

మునగచెట్టు | ఏప్రిల్ 19, రాత్రి 10:20

ఏ ప్రతిపాదనలో రూఫులు, ఏసీలు, ఒక ఎలిమెంటరీ. దానికి అవును. బీలో కంప్యూటర్లు, ఐదేళ్ళ లోపు బాండ్లు అని ఆవిడ చెప్పింది, దానికీ అవును. సీలో స్టేడియం మరమ్మతులు. నేనైతే కాదు అంటాను. మా పెద్దాడు మార్చింగ్ బ్యాండ్‌లో ఉన్నాడు, వాడు వింటే అన్నం తినడు.

చిక్కేమిటంటే నాకు ఓటు లేదు. గ్రీన్ కార్డు. సిటిజన్‌షిప్‌కి పెట్టే ఎన్‌-400 ఫారం రెండేళ్ళుగా డెస్క్‌టాప్ మీద సగం నింపి ఉంది. ఓటు ఉన్నది మా ఆవిడకి, పోయినేడాదే ప్రమాణం చేసింది.

మునగచెట్టు | ఏప్రిల్ 21, సాయంత్రం 6:45

అప్‌డేట్. ముందస్తు ఓటింగ్ నిన్న మొదలైంది. నిన్ననే ఆఫీసు నుంచి వస్తూ మా ఆవిడ లైబ్రరీ దగ్గర ఆగి వేసి వచ్చింది. లోపల ఆమె కాకుండా ముగ్గురున్నారట. నేను వేసిన ఎక్సెల్ షీట్ ప్రింటు తీసిచ్చాను, దాన్ని కార్లోనే వదిలేసి వెళ్ళింది. సీకి ఏం వేశావంటే "అది రహస్య ఓటు" అంటోంది. పెద్దాడు మాత్రం పొద్దుటి నుంచి తెగ హుషారుగా ఉన్నాడు.

బెజవాడ బుల్లోడు | ఏప్రిల్ 21, సాయంత్రం 7:01

ఆ ఎక్సెల్ షీట్ ఇక్కడ పెట్టండి సార్, ఉపయోగపడుద్ది.

కరీంనగర్_కాటీ | ఏప్రిల్ 21, సాయంత్రం 7:08

షీట్ గాదు, ముందుగాల ఆ ఎన్‌-400 నింపు అన్నా.